గొర్రెల పాటగాడు చుల్తెం

హంగై కొండల్లో మూడు లోయల మేర చుల్తెం పాటకు లొంగని గొర్రె లేదు. కాదనేవాడు ఒక్కడున్నాడు గానీ, వాడికి గొర్రెల్లేవు.

తొలిచూలు గొర్రె ఈనగానే పిల్లను చూసి బెదిరిపోయి, ఒకసారి వాసన చూసి, ఇది నాది కాదు పొమ్మని కాలితో తన్నేస్తుంది. అప్పుడు చుల్తెం కోసం కబురు వెళుతుంది. అతను వచ్చి, చలికి గడ్డకట్టిన పేడనేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. పిల్లను పొదుగు కిందికి నెట్టి, ‘తోయ్‌గ్... తోయ్‌గ్...’ అని సన్నగా ఎత్తుకుంటాడు. ఆ పాటకు మాటలుండవు, ఉన్నదంతా ఆ ఒక్క పిలుపే. దాన్నే సాగదీస్తాడు, ముడేస్తాడు, విప్పుతాడు, మళ్ళీ సాగదీస్తాడు. పొయ్యి మీద టీ కాగేలోపు గొర్రె కళ్ళు అరమోడ్పులవుతాయి, పొదుగు చేపుకు వస్తుంది, పిల్ల తోక ఆడుతుంది.

ఒక వసంతంలో పశువుల డాక్టరు ఒక గొర్రెకు సూది వేసి, తోలు సంచి దాని పక్కనే పెట్టి టీ తాగడానికి గుడారంలోకి వెళ్ళాడు. అవతల చుల్తెం వేరే గొర్రెకు పాడుతున్నాడు. అంతలో గాలి ఇటు తిరిగింది. ఆ పాట చెవిన పడిందో లేదో, సూది వేయించుకున్న గొర్రె డాక్టరు సంచిని ఒళ్ళంతా నాకి పిల్లగా చేసేసుకుంది. సంచి తీసుకుని డాక్టరు మోటారు సైకిలెక్కితే, అరుస్తూ పదకొండు మైళ్ళు వెంటపడింది. చివరికి ఆ గొర్రెను కూడా ఆయనే ఉంచుకోవలసి వచ్చింది. ఇదంతా అబద్ధమని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆ సంచి ఒక పక్కంతా నాలుకతో నున్నగా అరిగిపోయి ఉంటుంది, వెళ్ళి చూసుకోవచ్చు.

చుల్తెంకు చిక్కల్లా ఒకటే. ఆ పాట ఆడవాళ్ళది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి వస్తుంది. మగవాడికి గుర్రాలు, తాళ్ళు, కుస్తీ. ఆడదానికి పాలు, పొయ్యి, పాట. మరి చుల్తెం వాళ్ళమ్మకు కూతుళ్ళు లేరా అంటే ఐదుగురున్నారు. ఐదుగురినీ జిల్లా బడికి పంపి హాస్టల్లో పెట్టారు. ఆ కొండల్లో చదువు ఆడపిల్లలకు, మంద మగపిల్లలకు. ఆఖరివాడు చుల్తెం నాలుగో తరగతి సగంలో మానేశాడు. అప్పటికే వాళ్ళమ్మకు మోకాళ్ళు వాచి లేవలేని స్థితి. ఇంట్లో ఉన్నది వీడొక్కడే కాబట్టి పాలు పితికింది వీడే, పెరుగు వడగట్టి ఎండబెట్టింది వీడే, ఉన్ని పట్టాలు కుట్టింది వీడే. పాట కూడా వీడికే వచ్చింది. అక్కల్లో ఒకామె టీచరు, ఒకామె బ్యాంకు ఉద్యోగి, ఒకామె ఏకంగా న్యాయమూర్తి. ఐదుగురు కలిసి టీ కాస్తే కుక్క కూడా ముట్టదు.

దీనికి తోడు చుల్తెంకు గుర్రమంటే భయం. ఆరేళ్ళప్పుడు ఒక గుర్రం రికాబులో చిక్కుకున్న అతని కాలితో సహా కొండ దిగి ఏరు దాటింది. ఆ తర్వాత గుర్రం తుమ్మినా అతను రెండడుగులు వెనక్కి వేస్తాడు. పిల్లలు నడక కంటే ముందు స్వారీ నేర్చే చోట యాభై నాలుగేళ్ళ మగవాడు జడలబర్రె మీద ఎక్కడికైనా వెళుతుంటే జనం ఊరుకుంటారా? పక్క లోయ మల్లుడు బాదార్చ్, గేటంత వెడల్పున్న మనిషి, అతన్ని పేరు పెట్టి పిలవడమే మానేశాడు.

"చుల్తెం వదినా! టీ ఉందా?" అని గుర్రం దిగకుండానే అరుస్తాడు.

"ఉంది మరిదీ. బూట్లకు పేడ తుడుచుకుని రా" అంటాడు చుల్తెం లోపల్నుంచి.

అతనికి కోపం రాదు. ఈసారి బాదార్చ్ మందలో గొర్రె తన పిల్లను తన్నేసినప్పుడు వదిన అవసరం ఎంతో ఇద్దరికీ తెలుసు.

ఇక అతని భార్య హందా. ఆ మనిషి గురించి సగమే చెప్పాలి, మొత్తం చెబితే ఎవరూ నమ్మరు. ఒకరోజు పొద్దున టీ తాగి, ఎవరూ ఎక్కని ఒక నల్ల గుర్రం మీద కూర్చుంది. అది ఎగిరి, దూకి, పరిగెత్తి, ఆగింది. దిగి చూస్తే పక్క జిల్లా. అక్కడెవరి గుడారంలోనో రెండో టీ తాగి, ఎండు పెరుగు ముక్క నోట్లో వేసుకుని, అదే గుర్రం మీద సాయంత్రానికి ఇల్లు చేరింది. పెళ్ళి కూడా అలాంటి స్వారీలోనే కుదిరింది. తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ వచ్చి చుల్తెం వాళ్ళ గుడారంలో మీగడ రుచి చూసింది.

"ఇదెవరు చేశారు?" అని అడిగింది.

"నేనే" అన్నాడు చుల్తెం, నేల చూస్తూ.

"సరే. రేపు మా నాన్నని పంపిస్తా."

అంతే. ఆమె కాపురానికి వస్తూ తెచ్చుకున్నది వాళ్ళ నాన్న ఇచ్చిన ఒక బూడిద రంగు ఆడ గుర్రప్పిల్లను. గుడారంలోకి రాగానే ఎడమ పక్క మగవాళ్ళది, అక్కడ జీను, కళ్ళేలు ఉంటాయి. కుడి పక్క ఆడవాళ్ళది, అక్కడ గిన్నెలు, పాలు. హందా తన జీను ఎడమ పక్క తగిలించింది. చుల్తెం తన గరిటెలు కుడి పక్క పెట్టుకున్నాడు. వస్తువులు ఎక్కడుంటే మనుషులు అక్కడే చేరతారు కదా. ఆమె ఎడమ మంచం మీద, అతను కుడి పక్క పొయ్యి దగ్గర. ఇరవై తొమ్మిదేళ్ళుగా అలాగే స్థిరపడిపోయారు. ఇలా ఉందామని ఇద్దరూ అనుకున్నది కూడా లేదు.

ఆ బూడిద పిల్ల పెరిగి, ఈని, దాని పిల్లలు ఈని, ముప్పై రెండయ్యాయి. నిరుడు శీతాకాలం చివర మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి, గడ్డి మీద గాజు పలకలా పరుచుకుంది. గిట్టలతో కొట్టినా పగల్లేదు. ముప్పై రెండులో ముప్పై ఒకటి పోయాయి. హందా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఒక్కోదాని జూలు నుంచి కుచ్చు కత్తిరించి, జీను పక్కన వరసగా కట్టింది. ఆ తర్వాత రెండు నెలలు పది మాటలు కూడా మాట్లాడి ఉండదు. చుల్తెం ఆమె కప్పులో మీగడ వేస్తూ వచ్చాడు, అది తాగి కప్పు తిరిగి ఇస్తూ వచ్చింది. ఇంకేం చేయాలో అతనికి తెలియలేదు. గొర్రె అయితే పాడేవాడు.

మిగిలిందొక బూడిద ముసలి గుర్రం, ఆ మొదటిదాని కూతురు, అది కూడా చూలుతో. దానితో పాటు ఎవరి దగ్గరో మారకానికి తెచ్చిన ఎర్ర గుర్రం ఒకటి, చూలుదే, మహా పొగరుబోతుది. మే నెలలో మళ్ళీ ఒక మంచు తుఫాను వచ్చింది. ఆ తుఫానులోనే రెండూ ఈనాయి. బూడిద గుర్రం ఆడపిల్లను ఈని ప్రాణం వదిలింది. ఎర్రదానికి చచ్చిన పిల్ల పుట్టింది.

ఒకదానికి తల్లి లేదు, ఒకదానికి పిల్ల లేదు. హందా చచ్చిన పిల్ల తోలు తీసి, బతికిన పిల్ల మీద కప్పి, ఎర్రదాని దగ్గరికి తోసింది. ఎర్రది తోలు వాసన చూసింది, తోలు కింది వాసన కూడా చూసింది. తర్వాత తన్నింది. పిల్లకు తగలకుండా హందా అడ్డం పడింది. మెడకింద ఎముక విరిగింది.

"విరిగిన చప్పుడు వినపడిందా?" అన్నాడు చుల్తెం కట్టు కడుతూ.

"వినపడింది. గట్టిగా బిగించు. గొర్రెపిల్లకి గంట కట్టినట్టు కడతావేం?"

ఆ గుడారంలో అప్పుడు ఇంకో మనిషి కూడా ఉంది. హందా అన్నగారి కూతురు నోమిన్, రాజధానిలో చదువుతోంది. పరీక్ష వ్యాసం కోసం గుడారం గుడారం తిరుగుతూ, పదకొండోదిగా ఇక్కడికి వచ్చి మంచులో ఇరుక్కుపోయింది. సాయానికి వేరే ఎవరూ లేరు. బాదార్చ్‌తో సహా రెండు లోయల మగవాళ్ళంతా, మిగిలిన పశువులకు గడ్డి వెతుక్కుంటూ కనుమ దాటి వెళ్ళిపోయారు.

రెండో రోజంతా చుల్తెం గుర్రప్పిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసాతో మేకపాలు పట్టాడు. తాగినంతా వెనక నుంచి నీళ్ళలా పోయింది. ఎర్రదాని పొదుగేమో నిండి, రాయిలా గట్టిపడింది. పిల్ల నోరు పెట్టకపోతే రెండు రోజుల్లో ఎండిపోతుంది.

ఏమీ తోచక నోమిన్ సంచిలోంచి కాగితాలు తీసింది. ఒక్కో కాగితం మీద అరవై మాటలు. ధైర్యం, జాలి, పంతం, మెత్తని మాట, పదిమందిని నడిపించడం, పసిపిల్లలంటే ప్రాణం, ఇలా. ఒక్కో మాట తనకెంత వర్తిస్తుందో ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయాలి.

"ఎందుకమ్మా ఇది?" అన్నాడు చుల్తెం.

"మగాళ్ళు ఇలా ఉంటారు, ఆడాళ్ళు ఇలా ఉంటారు అని జనం ముందే అచ్చు పోసి పెట్టుకుంటారు కదా మావయ్యా. నిజంగా అలా ఉంటారా అని చూడ్డానికి. రెండు రకాల గుణాలూ నిండుగా ఉన్నవాళ్ళు ఎక్కడైనా నెగ్గుకొస్తారని మా టీచరుగారి మాట."

చుల్తెం పెన్సిలు నాలిక్కి అద్దుకున్నాడు. "ధైర్యం... ఎవరి దగ్గర?"

"ఎవరి దగ్గరంటే?"

"గొర్రె దగ్గరైతే ఏడు. గుర్రం దగ్గరైతే ఒకటి కూడా ఎక్కువే."

"మొత్తం మీద నువ్వెలా ఉంటావో అది వెయ్యి."

"మొత్తం మీద అనే జంతువు మా మందలో లేదే."

"నాలుగు వేసి పారెయ్యవయ్యా" అంది హందా ఎడమ మంచం మీద నుంచి. "రెంటికీ మధ్య మేక ఉందిగా."

పేర్లు రాస్తే జనం సిగ్గుపడతారని నోమిన్ పేర్లు రాయించదు. నింపిన కాగితం ఎవరి పక్క పెట్టె మీద వాళ్ళు బోర్లించాలి; ఎడమ పక్కది మగవాళ్ళదని, కుడి పక్కది ఆడవాళ్ళదని తన లెక్క. వాళ్ళు మొహమాటం లేకుండా నింపుకోవాలని తను బయటికి వెళ్ళిపోతుంది. ఇప్పుడూ ఎండు పేడ తెస్తానని బుట్ట తగిలించుకుని వెళ్ళింది. తిరిగొచ్చి రెండు కాగితాలూ తీసుకుని, అంకెలు కూడుకుంటూ పొయ్యి దగ్గర కూర్చుంది. కూడుతున్నకొద్దీ మొహం వెలిగిపోయింది.

"అత్తా! పది గుడారాలు తిరిగాను. ఒక్క చోట కూడా పుస్తకంలో రాసినట్టు దొరకలా. మీ ఇంట్లో అచ్చు గుద్దినట్టు సరిపోయింది! మావయ్యేమో ఇనుము, నువ్వేమో వెన్న!"

ఎడమ మంచం ఊగడం మొదలైంది.

"వెన్నా? నేనా?" హందా చేత్తో మెడకింద అదిమిపట్టుకుంది. "అయ్యయ్యో, నవ్వించకే, ఎముక... చుల్తెం, దీని నోరు మూయించవయ్యా!"

"ఇనుమంట" అన్నాడు చుల్తెం, గుర్రప్పిల్ల మూతి తుడుస్తూ. "ఆ మాట కాగితం మీద రాసివ్వమ్మా. బాదార్చ్‌కి చూపించాలి."

నోమిన్ ఎడమ పక్క జీను వంక చూసింది. కుడి పక్క గరిటెల వంక చూసింది. జీను కింద పడుకున్న అత్తను, గరిటెల కింద కూర్చున్న మావయ్యను చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరెప్పుడూ ఇలాగే కూర్చుంటారా?"

"కూర్చోకూడదా?"

"మరి... ఆ ఏటి అవతల గుడారంలో కూడా ముసలామె ఎడమ పక్కనే..."

"మొగుడు పోయిన దగ్గర్నుంచి రెండు పక్కలా ఆవిడే. గాలి ఎటుంటే అటు కూర్చుంటుంది."

నోమిన్ తల పట్టుకుంది. మిగతా తొమ్మిది గుడారాల్లో ఎవరు ఎటు కూర్చున్నారో తను చూడనేలేదు. హందా మళ్ళీ నవ్వింది, మళ్ళీ అబ్బా అంది. రెండు నెలల తర్వాత ఆమె నవ్వడం అదే. చుల్తెం తల వంచుకుని పిల్ల చెవులు నిమురుతూ ఉండిపోయాడు. ఒళ్ళో ఉన్నది పోతే ఈ నవ్వు కూడా పోతుందని అతనికి తెలుసు. మేకపాలు సీసాలో సగం అలాగే ఉన్నాయి. పిల్ల తాగడం మానేసింది.

మూడో రోజు పొద్దునకు తుఫాను తగ్గి ఎండ కాసింది. పిల్ల తల ఎత్తలేదు. హందా మంచం మీద నుంచి లేచి వచ్చి, మంచి చేత్తో దాని మూతి ముట్టుకుని చూసింది.

"చల్లబడింది. కత్తి తేవయ్యా. దీన్నింక బాధ పెట్టొద్దు."

"తేను."

హందా అతని వంక చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆ నోట విన్న గుర్తు లేదు.

"ఎర్రదానికి పాడతాను" అన్నాడు చుల్తెం.

"గుర్రానికా? గుర్రానికి ఎవరైనా పాడతారా? దానికి పాట ఎక్కదు."

"ఎవరూ పాడకపోబట్టి ఎక్కలేదేమో."

ఎర్ర గుర్రాన్ని రాళ్ళ దొడ్లో కట్టేసి ఉంచారు. మూడు కాళ్ళకూ బంధం ఉంది, ఒక వెనక కాలు మాత్రం వదిలారు. చుల్తెం పిల్లను, దాని మీద కప్పిన తోలుతో సహా, భుజాన వేసుకుని వెళ్ళి, దొడ్డి గోడ ఇవతలే ఆగాడు. గోడ మీద వేలాడుతున్న ఎర్రదాని మెడతాడు కొస నోమిన్ చేతికిచ్చాడు. గోడ మీద నుంచి ‘తోయ్‌గ్’ అని ఎత్తుకున్నాడు. ఆ గొంతు వింటే గొర్రెలు కూడా సిగ్గుపడేవి. దారంలా మొదలై దుమ్ములా రాలిపోయింది. ఎర్రది చెవులు వెనక్కి మడిచి ఒక్క విదిలింపు విదిలించింది. తాడుతో పాటు నోమిన్ కూడా నాలుగడుగులు ఎగిరి మంచులో పడింది.

"నీ గొంతు నిండా భయమే ఉంది. దానికి వినపడుతోంది." హందా వెనకే వచ్చి నిలబడింది, చెయ్యి మెడకు కట్టుకుని, అంగీ ఒక భుజాన వేలాడుతూ.

"అయితే నువ్వు పట్టుకో, నేను పాడతా."

"ఒంటి చేత్తో పట్టుకోవడానికి అది మేకనుకున్నావా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పట్టడం తెలిసిన మనిషికి చెయ్యి లేదు. పాడడం తెలిసిన మనిషికి గొంతు లేదు.

"నువ్వు పాడు" అన్నాడు చుల్తెం. "నేను పట్టుకుంటా."

"నేనా? మా చెల్లెలి పెళ్ళిలో నేను పాట ఎత్తుకుంటే పెళ్ళివారు గుర్రాలకు జీన్లు వేసుకున్నారు!"

"ఇది కట్టేసి ఉంది. ఎక్కడికీ పోలేదు."

చుల్తెం గోడ దాటాడు. అతని మోకాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకున్న చప్పుడు ఏటి అవతల ముసలామెకు వినబడిందంటారు. అది ఆమే చెప్పింది, ఆమెకు చెవుడు.

"ఎదురుగా వెళ్ళకు!" హందా గోడ మీద నుంచి అరిచింది. "ఎడమ భుజం పక్కకి రా. నడుస్తూ చెయ్యి దాని ఒంటి మీద పెట్టు, తియ్యకు. నువ్వెక్కడున్నావో దానికి తెలియాలి. తాడు దవడ కింద పట్టుకో. ఇంకా దగ్గరగా. నీ భుజం దాని మెడకి ఆనించు."

"ఆనించా."

"ఊపిరి బిగబట్టావు. వదులు."

"నావల్ల కావట్లా."

"పాలు వడగట్టేటప్పుడు ఎలా వదులుతావు? అలా."

అతను ఊపిరి వదిలాడు. ఎర్రది ఒకసారి మెడ విసిరింది. చుల్తెం పాదాలు నేల మీద నుంచి లేచాయి, మళ్ళీ ఆనాయి. తాడు మాత్రం వదల్లేదు. భయపడ్డ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుంటుందో ధైర్యస్తుడికి తెలియదు.

నోమిన్ పిల్లను ఎత్తుకొచ్చి పొదుగు దగ్గర నిలబెట్టింది. అది నిలబడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చేతులతో ఎత్తి పట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు" అన్నాడు చుల్తెం, చెంప గుర్రం మెడకు నొక్కుకునే. "గుర్రాన్ని పాలకు పిలిచే పిలుపుందిగా, గురీ అని. దాన్నే సాగదియ్యి."

"గురీ" అంది హందా. ఇరుసుకు కందెన లేని బండి కదిలినట్టుంది. ఎర్రది వదిలిన కాలు ఎత్తింది.

"గొంతులోంచి కాదు హందా, ముక్కులోంచి. దాన్ని పిలవకు. నీలో నువ్వు అనుకుంటున్నట్టు అను. మధ్యలో ఆగకు."

"గురీ... గురీ... ఎంతసేపని అదే మాట! తర్వాత ఏం అనాలి?"

"ఏదో ఒకటి చెప్పు. దానికి అర్థమెందుకు? ఆగకుండా ఉంటే చాలు."

హందా గోడ రాయి మీద కూర్చుంది. కాసేపు ఎర్రదాన్ని తిట్టింది. నీ పొగరు మీద మన్నుపోయ, నీ తోక కుక్కలు పీక, అని గురీ రాగంలోనే తిట్టింది. ఎర్రది చెవులు ముందుకు వచ్చాయి. ఆ తిట్లు దానికి రోజూ వినే మాటలే, ఇంటి మాటలే. తిట్లు అయిపోయాయి. అప్పుడు ఆమె నోట్లోకి ఏమొచ్చిందో ఏమో, రంగులు చెప్పడం మొదలుపెట్టింది. ఆ కొండల్లో గుర్రాలకు పేర్లు పెట్టరు, రంగుతోనే పిలుస్తారు.

"గురీ... పొగ రంగుది, వీపు మీద చార ఉన్నదీ... గురీ... తేనె రంగుది, ఏరు దాటనని మొండికేసేదీ... గురీ... నల్లది, నుదుట చుక్కదీ... ఇసుక రంగుది, దాని పిల్ల ఇసుక రంగుది... గురీ..."

ముప్పై ఒక్కటీ చెప్పింది. ఒక్కోదాన్ని ముక్కులోంచి లాగి, విరిచి, మళ్ళీ అతికించి చెప్పింది. శ్రుతి ఎక్కడా లేదు. పన్నెండో గుర్రం దగ్గర ఆగబోయింది.

"ఆగకు" అన్నాడు చుల్తెం మెల్లిగా. "ఆ చుక్కల బూడిదది చెప్పలేదింకా."

"చెబుతున్నా... గురీ... చుక్కల బూడిదదీ, గెంతితే నా టోపీ ఎగిరిపోయేదీ..."

ఆఖరున ఈ పిల్ల తల్లిని చెప్పింది, మొన్న పోయిన ముసలి బూడిద గుర్రాన్ని. ఆ తర్వాత వట్టి గురీ ఒక్కటే మిగిలింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం కింద కట్టు తడిసింది. రెండు నెలల నీళ్ళు, తుడుచుకోవడానికి ఉన్నది ఒక్క చెయ్యి.

ఎర్ర గుర్రం కూడా ఏడ్చిందని ఆ లోయలో చెబుతారు. అదంతా కల్పన. గుర్రం ఏడవలేదు, ఉచ్చ పోసింది, అదీ చుల్తెం బూటు మీద. కానీ ఎత్తిన కాలు దించింది. పొదుగు చేపుకు వచ్చి పాలు వాటంతటవే చుక్కలు చుక్కలుగా మంచు మీద పడ్డాయి. నోమిన్ ఆ చుక్కలు వేలికి అద్ది పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల వేలు వదిలి పొదుగు అందుకుంది.

ఒక గుక్క. ఎవరూ కదల్లేదు. రెండు, మూడు. పిల్ల తోక పురుగు కుట్టినట్టు ఒకసారి అదిరింది.

ఎర్రది మెడ తిప్పింది. చుల్తెం దానితో పాటే తిరిగాడు, తాడు చుట్టూ బిగిసిన వేళ్ళు రాకపోవడం వల్ల. అది పిల్ల వెనక భాగం వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నాలిక చాపి, కప్పిన తోలు మీద కాదు, తోలు కింద బయటికి కనబడుతున్న బూడిద రంగు తొడ మీద నాకింది.

"అత్తా!" అంది నోమిన్ గుసగుసగా.

"అరవకు. నువ్వు మెల్లిగా జరిగి గోడ దాటు. చుల్తెం, తాడు వదిలి నువ్వూ వచ్చెయ్."

చుల్తెం ఎలాగో వేళ్ళు ఊడదీసుకున్నాడు. ఒకడుగు వేశాడు. ఎర్రది పళ్ళు బయటపెట్టింది. ఇప్పుడది పిల్ల తల్లి. పిల్ల దగ్గర ఎవడో మగవాడు కదలడం దానికి నచ్చలేదు. అతను గోడ మూలకు నక్కాడు. అది పిల్లకూ అతనికీ మధ్య అడ్డంగా నిలబడింది, దారి మొత్తం మూసేసి.

"హందా..."

"కదలకు. పిల్ల కడుపు నిండి పడుకునేదాకా అది వదలదు."

"ఎంతసేపు?"

"పిల్లనడుగు."

మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాడు, గుర్రానికి మూరెడు దూరంలో. పిల్ల తాగింది, తూలింది, లేచింది, మళ్ళీ తాగింది. నోమిన్ గుడారంలోకి వెళ్ళి ఉప్పు టీ కాచింది, తన చేతులతో మొదటిసారి. హందా దాన్ని మంచి చేత్తో పట్టుకుని, గోడ బయటి పక్క నుంచి చుట్టూ తిరిగి వచ్చి, మూలన ఉన్న మొగుడికి పైనుంచి అందించింది.

చుల్తెం ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఉప్పు ఎక్కువైంది."

"తాగు. ఇనుపమనిషివిగా."

ఎర్రది తల తిప్పి అతని వంక చూసింది. చుల్తెం కప్పు గుండెకు హత్తుకుని ఊపిరి వదిలాడు, పాలు వడగట్టేటప్పటిలా. హందా గోడ మీద మోచెయ్యి ఆనించి, లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడింది. పిల్ల తాగుతున్న చప్పుడు ఇద్దరికీ వినబడుతూ ఉంది.